చేవ్రాలు పెట్టుటకు ముందు

గుండెజబ్బనగానే మన కందఱకు నొకటే దృశ్యము కన్నులకు గట్టును. ఎవరో యొక పెద్దమనిషి ఱొమ్ము పట్టుకొని, చెమటలు గ్రమ్మి, ఉన్నచోటనే కూలబడుట. మా యింటికి ఆ వ్యాధి యట్లు రాలేదు. అది మొట్టమొదట మా యత్తగారి ముగ్గులో కనబడినది. ఆమెకు 68 ఏండ్లు. తెల్లవారకమున్నే లేచి వాకిలి నిండ ముగ్గు పెట్టుట ఆమెకు పెండ్లియైన నాటినుండి యలవాటు. నిరుడు కార్తికమాసమున ఆమె సగము ముగ్గు పెట్టి, పిండిగిన్నె ప్రక్కన నుంచి, అరుగుమీద గూర్చుండుట మొదలుపెట్టిరి. "ఏమత్తయ్యా, ఒంటిలో నలతగా నున్నదా?" యని యడిగితిమి. "ఏమియు లేదమ్మా, వాయువు. రాత్రి కందిపచ్చడి తింటిని గదా" యనిరి.

ఆ మాటతో మేమును ఊరకుంటిమి. నెలదినములు వాముకషాయముతో గడచినవి. మేడమెట్లు నాలుగెక్కిన నాయాసము, పనిలో నున్నప్పుడు దవడ లాగినట్లుండుట, మధ్యాహ్నమునకే నీరసము. ఱొమ్ములో నొప్పి మాత్రము ఒక్కనాడును లేదు. అందువలన గుండె యను తలంపే మాకు రాలేదు. ఆమెకు పదునెనిమిదేండ్లుగా చక్కెరవ్యాధి యున్నదని యెఱుగుదుము. ఆ వ్యాధి దీర్ఘకాలము నిలిచినచో నొప్పిని తెలుపు నరములే మొద్దుబాఱునని మాత్ర మెఱుగము. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియని మధుమేహరోగులను మనము చూచియున్నాము గదా. గుండె విషయమును అంతియే. పైగా స్త్రీలలో గుండెజబ్బు నొప్పితోపాటు, ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే, ఆయాసము, అలసట, వాంతి వచ్చునట్లుండుట, వీపునను దవడలోను లాగుట యను రూపములలో వచ్చుట కలదు. ఈ మాట ముందే తెలిసియుండినచో మేము ఆ నెలదినములు పోగొట్టుకొనియుండము.

తుదకు గుంటూరులో నొక వైద్యశాలకు గొనిపోతిమి. అచ్చట మణికట్టువద్దనున్న నాళముగుండ సన్నని గొట్టమును లోనికి పంపి, మందు చిమ్మి, గుండెకు రక్తము తెచ్చు నాళముల చిత్రములు తీసిరి. దానినే యాంజియోగ్రామందురు. అరగంట గడువకమున్నే డాక్టరుగారు వెలుపలికి వచ్చి మా బావగారిని, మా వారిని పిలిచిరి. మూడు నాళములలోను పూడిక యున్నదట. "ఎటులను బల్లమీదనే యున్నారు గనుక ఇప్పుడే మూడు స్టెంటులు వేసివేయుదుము. మూడవనాడు ఇంటికి పోవచ్చును. ఇచ్చట చేవ్రాలు పెట్టుడు" అని కాగితము చాపిరి. బావగారు కలము తీసికొనిరి. లోపల అత్తగారు మెలకువగనే పరుండియుండిరి. ఆమె నెవరును ఏమియు నడుగలేదు.

మేము తలుపువద్దనుండి, "డాక్టరుగారూ, ఈ పని నేడు చేయక రెండుదినములు ఆగినచో ప్రాణమున కపాయమా?" యని యడిగితిమి. ఆయన కొంచెము విసుగుతో, "నేడే యపాయమని కాదు. కాని రెండుమారులు గ్రుచ్చుట యెందుకు?" అనిరి. "అట్లయిన మాకు రెండుదినములు గడువిండు" అంటిమి. బావగారు మావంక చూచిన చూపును మేము మఱువజాలము. తల్లికి చికిత్స జరుగుచుండగా కోడలు అడ్డుపడిన దను చూపది. ఆయన తప్పును లేదు. డాక్టరుగారి తప్పును లేదు. చేతనైన విద్యను చూపుట ఎవరికైనను సహజము.

మే మట్లడుగుటకు కారణమున్నది. 2016లో మా నాయనగారికి ఇట్టి కాగితముమీదనే చేవ్రాలు పెట్టినవారము మేము. ఆయనయు మధుమేహరోగియే. రెండు స్టెంటులు వేసిరి. మూడవనాడు నవ్వుచు ఇల్లు చేరిరి. రెండేండ్లకు మఱియొకచోట పూడిక వచ్చి మూడవ స్టెంటు వేసిరి. ఆ మఱుసటి యేడు గుండెపోటుతో పోయిరి. వేఱొక చికిత్స చేయించియుండినచో బ్రతికెడివారని మేము చెప్పము. ఒక్క మనిషి విషయమున ఎవరును చెప్పజాలరు. కాని వేఱొక మార్గమున్నదా యని మేము అడుగనేలేదు. ఆ యడుగకపోవుటయే ఇన్నేండ్లుగా మా మనస్సును గెలుకుచున్నది. అందుచేత ఈ మారు అడిగితిమి.

ఆ రెండుదినములలో మాకు చదివినకొలది, తెలిసిన వైద్యులను విచారించినకొలది, అవగతమైనది ఇచ్చట వ్రాయుచున్నాము. మాది కృష్ణాడెల్టా. కాలువల భాషలో చెప్పినచో మా యింట అందఱకు సులభముగా తెలిసినది. గుండె ఒక చేను. దానికి నీరు తెచ్చు కాలువలు మూడు. కాలువలో నొకచోట పూడిక పడినప్పుడు రెండు పనులు చేయవచ్చును. పూడిక పడినచోటనే త్రవ్వి, గట్లు మఱల కూలకుండ దడి కట్టవచ్చును. స్టెంటనగా ఇదియే. సన్నని బెలూనుతో నాళమును వెడల్పు చేసి, తీగెలతో అల్లిన చిన్న గొట్టము నచ్చట నిలుపుదురు. రెండవది, పూడికకు ఎగువనుండి క్రొత్త కాలువ తీసికొనివచ్చి, పూడికకు దిగువను పాతకాలువలో కలుపుట. ఇదియే బైపాసు. ఱొమ్ము లోపలిగోడవెంటనుండు నాళమునో, కాలినుండి తీసిన సిరనో యిందుకు వాడుదురు.

ఒక్కచోటనే పూడిక యున్నప్పుడు త్రవ్వి దడి కట్టుటయే తెలివి. దానికై క్రొత్త కాలువ యెందుకు? కాని మధుమేహరోగి కాలువ వేఱు. పూడిక అచ్చట ఒకచోట గాక కాలువ పొడవునను పడుచునే యుండును. నాళములు సన్నగానుండును, లోపలిపొర చెడియుండును. నేడు ఒకచోట దడి కట్టినచో, ఏడాదికి దానికి బెత్తెడు ఎగువనో దిగువనో మఱల పూడును. బైపాసు కాలువ యట్లు గాదు. అది యెగువభాగము నంతటిని దాటి పోవుచున్నది గనుక, రేపు ఆ యెగువభాగమున క్రొత్తగా పూడిక పడినను చేనికి నీరు అందుచునే యుండును. ఒకే పని ఒకరికి చాలి, మఱియొకరికి చాలకపోవుటకు మూలమిది.

ఈ రెండు విద్యలును పాతవి గావు. కాలిసిరతో బైపాసు చేయు పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండునందు రెనే ఫవలోరో యను అర్జెంటీనా వైద్యుడు నెలకొల్పెను. మన దేశమున దీనిని 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రియందు డాక్టరు కె. ఎం. చెరియన్‌గారు మొదట చేసిరి. బెలూను పద్ధతిని 1977లో జూరిచ్ నగరమున గ్రుంట్జిగ్ అను వైద్యుడు ఆరంభించెను. మనుష్యుని గుండెనాళమున స్టెంటును మొదట నిలిపినది 1986లో. 1998లో మన హైదరాబాదు వైద్యులు డాక్టరు సోమరాజుగారును, శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలామ్‌గారును కలసి చౌకస్టెంటు నొకదానిని రూపొందించిన సంగతి పలువురు వినియేయుందురు.

ఇక ఏది మేలు? ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో జవాబు చెప్పిన పరిశోధనలు కలవు. అమెరికాలో బారి యను పేరుతో జరిగిన పరిశోధన ఫలితములు 1996లో వెలువడినవి. బెలూను చికిత్స పొందినవారును, బైపాసు చేయించుకొన్నవారును ఐదేండ్లు బ్రతుకుటలో మొత్తముమీద పెద్ద భేదము లేకుండెను. కాని మధుమేహమునకు మందులు వాడువారిని వేఱుచేసి చూచినప్పుడు వైద్యులే ఆశ్చర్యపడిరి. బైపాసు చేయించుకొన్నవారిలో నూటికి 80 మందికి పైగా ఐదేండ్లు దాటిరి. బెలూనువారిలో సుమారు 65 మంది మాత్రమే.

"అది పాత బెలూను, ఇప్పుడు మందు పూసిన స్టెంటులు వచ్చినవి గదా" యని కొందఱనిరి. న్యాయమైన మాటయే. అందుకై ఫ్రీడమ్ అను మఱియొక పరిశోధన జరిగెను. ఒకటికంటె నెక్కువ నాళములలో పూడికగల మధుమేహరోగులను 1900 మందిని తీసికొని, చీటివేసినట్లు సగముమందికి మందు పూసిన స్టెంటులు, సగముమందికి బైపాసు చేసిరి. 2012లో ఫలితములు ప్రకటించిరి. ఐదేండ్లలో స్టెంటువారిలో నూటికి 16.3 మంది, బైపాసువారిలో 10.9 మంది మరణించిరి. గుండెపోటు స్టెంటువారిలో 13.9 మందికి, బైపాసువారిలో 6 మందికి వచ్చెను. కాని పక్షవాతము తలక్రిందు: స్టెంటువారిలో 2.4, బైపాసువారిలో 5.2. ఆ పక్షవాతములలో పెక్కు శస్త్రచికిత్స జరిగిన మొదటి నెలలోనే వచ్చినవి. వీరిలో కొందఱను ఇంకను కొన్నియేండ్లు గమనించి 2019లో ప్రకటించిన లెక్కలలోను బైపాసువారే యెక్కువగా బ్రతికియుండిరి.

సోదరీమణులు ఈ యంకెలను రెండువైపులను చూడవలయును. నూఱిండ్లలో ఐదారిండ్లు తమ మనిషిని నిలుపుకొన్నవి. కాని మూడిండ్లు అదనముగా పక్షవాతమును చూచినవి. బైపాసు ఊరకే దొరకు వరము గాదు. దాని కష్టమంతయు ముందే వచ్చును. మేలు వెనుక వచ్చును. స్టెంటు సుఖము ముందు వచ్చును. మొదటి రెండేండ్లవఱకు రెంటికిని పెద్ద యంతరము కనబడలేదు. అటుపిమ్మటనే దారులు వేఱుపడినవి. మూడవనాడు నవ్వుచు ఇల్లుచేరిన మా నాయనగారిని చూచి మేమెందుకు మోసపోతిమో ఇప్పుడు తెలిసినది. మఱియొక మాట. ఆ పరిశోధనలో చేరినవారిలో స్త్రీలు నూటికి ముప్పదిమందికంటె తక్కువ. మన లెక్కలు ఇంకను చాలవు.

స్టెంటు పనికిరాదని ఎవరును తలంపరాదు. గుండెపోటు జరుగుచున్న గడియలో మూసుకొన్న నాళమును వెంటనే తెఱచి స్టెంటు వేయుటయే ప్రాణము నిలుపును. అప్పుడు మావలె రెండుదినముల గడువడుగుట ప్రమాదము. ఒక్క నాళమునందే పూడికయున్నప్పుడును, వయస్సు మీఱియో ఊపిరితిత్తులు చెడియో శస్త్రమునకు తాళలేనివారికిని అదియే తగును. వ్యాధి నిలకడగా నుండి, పూడిక స్వల్పమైనచో మందులతోనే గడుపుట మూడవ మార్గము. 2009లో వెలువడిన మఱియొక పరిశోధనలో అట్టి మధుమేహరోగులకు వెంటనే చికిత్సచేసినను, మందులతో నుంచినను, ఐదేండ్ల ఆయుర్దాయమున భేదము కనబడలేదు.

ఇంట సభ జరిగెను. బావగారు, "అమ్మ ఱొమ్మునెముకను ఱంపముతో కోయుదురట. నేను చూడలేను" అని కంటనీరు పెట్టుకొనిరి. అమెరికానుండి మా యాడుబిడ్డ టెలిఫోనులో, "వదినా, ఈ వయస్సులో అమ్మకు కోత యెందుకు?" అనెను. మా వారు ఇరువురి మాటలును విని మౌనముగా నుండిరి. అందఱు చెప్పినదియు ప్రేమయే. కాని అప్పటికి గంటన్నరగా ఆమె ప్రక్కగదిలోనే యున్నారు. మేము లోనికిపోయి ఉన్నదున్నట్లు చెప్పితిమి. పక్షవాతపు మాటను దాచలేదు. కాలువ సంగతి వినగానే ఆమె, "పూడిక కాలువ పొడవునను ఉన్నప్పుడు ఒక్కచోట త్రవ్వి యేమి లాభమే?" అనిరి. పిదప, "ఏది చేసినచో మఱల మఱల ఆ బల్ల యెక్కనక్కఱలేదు?" అని యడిగిరి. "ఏదియు పూర్తిగా హామీ కాదు, కాని బైపాసు చేసినవారికి ఆ యవసరము తక్కువ" అంటిమి. "మంచమున పడినచో?" అని యడిగి, మా జవాబునకై యాగక, "రేపు చెప్పెదను" అనిరి. తెల్లవాఱి కాఫీ త్రాగుచు, "కోయించుకొందును. మీ బావను నేను ఒప్పింతును" అనిరి. ఒప్పించిరి.

హైదరాబాదులో గుండెవైద్యుడును, శస్త్రవైద్యుడును ఒక్కచోట గూర్చుండి ఆ చిత్రములు చూచిరి. మా కదియే పెద్ద భేదముగా తోచినది. మెడలోని నాళములను, మూత్రపిండములను పరీక్షించిరి. మూడునెలల చక్కెర సరాసరి తెలుపు పరీక్షలో అంకె తొమ్మిదికి పైన వచ్చినది. గాయము మానవలెనన్న చక్కెర దిగవలెనని, స్థితి నిలకడగానే యున్నదిగనుక, మందులిచ్చి మూడువారములు ఇన్సులిను వేయించిరి. ఎడమప్రక్క ఱొమ్ములోపలి నాళమును ముందుభాగపు పెద్దనాళమునకు కలిపినచో పదేండ్లకును పదింట తొమ్మిది తెఱచియే యుండుననియు, కాలిసిరలలో పదేండ్లకు సుమారు సగము మూసుకొనుననియు చెప్పి, మొదటిది తప్పక వాడుదుమనిరి. మాఘమాసమున శస్త్రము జరిగెను. తొమ్మిదవనాడు ఇల్లు చేరిరి.

అసలు పని అప్పుడు మొదలైనది. అది ఆడవారి పని. దీనిని గూర్చి ఎవరును మాకు చాలినంత చెప్పలేదు. ఱొమ్మునెముక అతుకుకొనుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతవఱకు నీళ్లబిందె యెత్తరాదు. చేతులు ఆనించి మంచమునుండి లేవరాదు. దగ్గు వచ్చినప్పుడు దిండును ఱొమ్మునకు హత్తుకొనవలయును. ఱొమ్ముగాయము చక్కగా మానినను, సిర తీసిన కాలిగాయము మూడువారములు చెమ్మగిల్లుచునే యుండెను. మధుమేహమున ఇది సామాన్యమట. ప్రతిదినము చూచి, ఎఱుపెక్కినను చీము కనబడినను వెంటనే వైద్యునికి చూపవలయును. కాళ్లవాపు, ఆకలి లేమి, నిద్ర లేమి అన్నియు వచ్చినవి. అన్నిటికంటె మమ్ము భయపెట్టినది ఆమె దుఃఖము. ఏనాడును కన్నీరు పెట్టని మనిషి రాత్రులు గోడవైపు తిరిగి యేడ్చెడివారు. బైపాసు పిమ్మట ఇట్టి దిగులు పలువురికి కలుగుననియు, అధికమైనచో దానికిని వైద్యము కలదనియు మేము విచారించి తెలిసికొంటిమి. ఆమెకు మెల్లమెల్లగా అదియే తగ్గినది.

ఖర్చును గూర్చి ఒక్కమాట. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, పూయనిదానికి 7,260 రూపాయలు గరిష్ఠధరగా నిర్ణయించెను; తరువాత ఆ ధరలు మాఱుచు వచ్చినవి. అది స్టెంటు ధరయే గాని వైద్యశాల లెక్క యంతయు గాదు. పేదకుటుంబములకు గుండె శస్త్రచికిత్సలు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీక్రింద జరిగినవి. మొదటి బిల్లును మాత్రమే పోల్చి చూడరాదు. మఱల రెండుమారులు పోవలసివచ్చినచో చౌక చౌక గాదు.

2023లో ప్రకటించిన ఒక జాతీయపరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహరోగులు సుమారు 10 కోట్లమంది. మనలో ననేకులకు ఎన్నడో యొకనాడు ఆ కాగితము ఎదురుపడును. అప్పుడు ఈ ప్రశ్నలడుగుడు. ఇప్పుడే చేయకున్న ప్రాణాపాయమా? ఎన్ని నాళములలో పూడిక యున్నది? ముందుభాగపు పెద్దనాళము వానిలో నున్నదా? చక్కెరవ్యాధి యున్నదిగదా, శస్త్రవైద్యుడును చిత్రములు చూచెనా? మందులతో మాత్రమే గడుపవచ్చునా? రోగి నడిగితిరా? మీ యింట ఇదివఱకే స్టెంటు వేయించుకొన్నవారుండినచో, రక్తము గడ్డకట్టకుండ ఇచ్చిన మాత్రలను, పన్ను పీకించుకొనుటకైనను, ఆ వైద్యునడుగక మానిపింపకుడు. బైపాసు అయినవారికిని మందులు, పథ్యము, నడక జీవితాంతము ఉండవలసినవే. క్రొత్త కాలువకును పూడిక పట్టును గదా.

మా యత్తగారు ఆషాఢమునుండి మఱల ముగ్గు పెట్టుచున్నారు. ముందటికంటె చిన్నముగ్గు. వంగలేక పీట వేసికొని కూర్చుండి పెట్టుచున్నారు. పదియేండ్లు నిలుతురో లేదో మాకు తెలియదు. ఆ మాట ఆమెతో ఎవరును అనరు. కాని మొన్న శ్రావణశుక్రవారమునాడు మేము పిండిగిన్నె యందుకొనబోగా, "ఉండవే, ఈ నాలుగు చుక్కలును కలిపి వచ్చెదను" అనిరి. కలిపియే లోనికి వచ్చిరి.